విరిగిన హెడ్‌ఫోను ప్లగ్గును ఇంటిలోనే బాగుచేయుట

హెడ్‌ఫోనులో ఒక చెవి వినబడుట మానినదనగానే దానిని మూలకు విసరివేసి, అంగడికి పోయి మరియొకటి కొనుట నేడు సర్వసాధారణమైనది. కాని అట్లు విసరివేసిన వానిలో పెక్కింటికి ధ్వనిని పుట్టించు భాగము చెక్కుచెదరక యుండును. చెడినది తీగె; అందును ప్లగ్గును చేరియున్న ఒక అంగుళము మేర తీగె మాత్రమే. ఆ అంగుళమును కత్తిరించి, కొద్ది రూపాయలకు దొరకు క్రొత్త ప్లగ్గును అతికినచో హెడ్‌ఫోను మరల పనిచేయును. ఇందుకు కావలసిన శాస్త్రజ్ఞానము ఉన్నత పాఠశాల పాఠ్యపుస్తకములలోనే కలదు. ఓము నియమము, శ్రేణిలో కలిపిన నిరోధముల మొత్తము, మిశ్రమ లోహముల ద్రవీభవన స్థానము, ఇంతే.

ఇది చిన్న విషయమని తీసివేయరాదు. 2020లో బడులు మూతబడినపుడు పాఠములు టెలివిజను ద్వారాను, సెల్‌ఫోనుల ద్వారాను ఇండ్లకు చేరినవి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు టాబ్లెట్లు పంచిరి. ప్రొద్దుటూరులో గాని, జమ్మలమడుగులో గాని, పులివెందుల చుట్టుపట్ల పల్లెలలో గాని ఒకే గదిలో నలుగురు మెలగు ఇంటిలో ఒక పిల్ల పాఠము వినవలెను, తమ్ముడు ఎక్కములు చదువవలెను, అవ్వ నిద్రపోవలెను. అట్టి ఇంటిలో హెడ్‌ఫోను విలాసవస్తువు కాదు. పలకా బలపముల వంటిదే. పరీక్షల ముందర అది చెడినచో, క్రొత్తది కొను వరకు చదువు ఆగిపోవును.

ప్లగ్గు పుట్టుక

నేడు మన చేతులలోనున్న ప్లగ్గుకు తాత టెలిఫోను ఎక్స్ఛేంజిలో పుట్టినది. 1878 ప్రాంతమున అమెరికాలో ఎక్స్ఛేంజిలు మొదలైనపుడు, ఒక చందాదారుని తీగెను మరియొకరి తీగెతో చేతితో కలుపవలసి వచ్చెడిది. అందుకొరకు తీగె కొనకు లోహపు ప్లగ్గును, బల్లపై రంధ్రమును అమర్చిరి. ఈ ఏర్పాటును రూపొందించినవారిలో చార్లెస్ స్క్రిబ్నర్ ముఖ్యుడు. ఆ ప్లగ్గు మందము పావు అంగుళము, అనగా 6.35 మిల్లీమీటర్లు. మన దేశమున 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్ఛేంజిలు తెరువబడినవి. నాటి కడప జిల్లా మద్రాసు రాజధానిలోనిదే.

1950 తరువాత ట్రాన్సిస్టరు రేడియోలు వచ్చి, జేబులో పట్టునంత చిన్నవైనవి. వానికి తగినట్లు ప్లగ్గు కూడ 3.5 మిల్లీమీటర్లకు సన్నగిల్లినది. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చిన పిదప రెండు చెవులకు వేర్వేరు ధ్వనులను మోయు 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గు లోకమంతట వ్యాపించినది. 2016లో ఐఫోను 7 నుండి ఆ రంధ్రమును తీసివేసిరి. మరికొందరు తయారీదారులును అదే దారి పట్టిరి. అయినను తక్కువ వెల ఫోనులలోను, టాబ్లెట్లలోను, కంప్యూటర్లలోను, రేడియోలలోను ఆ రంధ్రము నేటికిని కానవచ్చుచున్నది.

లోపల నేమున్నది?

హెడ్‌ఫోను చెవి భాగములో ఒక చిన్న అయస్కాంతము, దాని చుట్టు ఒక తీగె చుట్ట, ఆ చుట్టకు అతికిన పలుచని పొర యుండును. చుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు అది అయస్కాంతమువైపు ఆకర్షింపబడుటో, వికర్షింపబడుటో జరుగును. ప్రవాహపు దిశ మారిన కొలది పొర ముందు వెనుకలకు కదలి గాలిని కదలించును. అదియే ధ్వని. రెండు చెవులకు రెండు చుట్టలు. ఒక్కొక్క చుట్ట నిరోధము సాధారణముగా 16 లేక 32 ఓములు.

రెండు చుట్టలకు నాలుగు కొనలు కదా, తీగెలు నాలుగు కావలెను. కాని ప్రతి చుట్టనుండి ఒక్కొక్క కొనను తెచ్చి ఒకటిగా కలిపినచో మూడు తీగెలు చాలును. ఎడమ తీగె, కుడి తీగె, రెండింటికి ఉమ్మడి తీగె. ప్లగ్గుపైన కనబడు నల్లని లేక తెల్లని సన్న గీతలు విద్యుద్బంధకపు వలయములు. అవి ప్లగ్గును భాగములుగా విడదీయును. రెండు గీతలున్న ప్లగ్గులో కొన ఎడమ చెవిది, నడిమి ఉంగరము కుడి చెవిది, వెనుక తొడుగు ఉమ్మడిది. మూడు గీతలున్న ప్లగ్గులో నాలుగు భాగములుండును. నాలుగవది మైక్రోఫోను కొరకు. నేటి ఫోనులలో ఎక్కువగా కనబడు క్రమము ఇది: కొన ఎడమ, మొదటి ఉంగరము కుడి, రెండవ ఉంగరము ఉమ్మడి, తొడుగు మైక్రోఫోను. కొన్ని పాత ఫోనులలో చివరి రెండును తారుమారుగా నుండెడివి.

తీగె అచ్చటనే ఎందుకు తెగును?

ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు పేరుపొందిన ఊరు. బంగారు పనివారిని అడిగినచో ఈ ప్రశ్నకు జవాబు వెంటనే చెప్పుదురు. బంగారు తీగెను సన్నము చేయుటకు కమ్మచ్చులోని రంధ్రములగుండ లాగుదురు. కొంతసేపు లాగగానే తీగె బిరుసెక్కును. ఇంకను లాగినచో తెగును. కనుక నడుమ నడుమ దానిని కాచి మెత్తపరచి, మరల లాగుదురు. లోహమును వంచినపుడును, లాగినపుడును దాని స్ఫటికములలోని పొరలు ఒకదానిపై నొకటి జారి, చిక్కుపడి, మరల జారుటకు వీలులేక బిగియును. వేడి తగిలినపుడు ఆ చిక్కులు విడివడును.

హెడ్‌ఫోనులోని రాగిపోగులకును ఇదే గతి. ప్లగ్గు గట్టిది, తీగె మెత్తనిది. రెండును కలియు చోటనే వంపు అంతయు కేంద్రీకరించును. ఫోనును జేబులో పెట్టినపుడెల్ల, తీగెను పట్టి ప్లగ్గును లాగినపుడెల్ల ఆ చోట పోగులు వంగి, బిరుసెక్కి, ఒక్కటొక్కటిగ తెగును. రబ్బరు తొడుగు లోపల నున్నవానిని మెత్తపరచుట మన వశము కాదు. కనుక ఆ భాగమును కత్తిరించివేయుటయే మార్గము. తీగె లోపల రాగితో పాటు నూలు వంటి దారపు పోగులుండుట కూడ చూతుము. అవి విద్యుత్తుకొరకు కావు. లాగుడును రాగికి బదులు అవి భరించును.

ముందు లోపమును గుర్తింపవలెను

కత్తెర పట్టుటకు ముందు నిజముగా చెడినది ప్లగ్గేనా యని చూడవలెను. మొదట హెడ్‌ఫోనును మరియొక ఫోనుకు పెట్టి చూడుడు. అందులో చక్కగ వినబడినచో తప్పు మొదటి ఫోనుది. పలుమారు జేబులోని నూలుపీచు రంధ్రములో చేరి గట్టిపడి, ప్లగ్గును పూర్తిగ లోనికి పోనీయదు. ఫోనును ఆపివేసి, సన్నని కొయ్యపుల్లతో ఆ పీచును మెల్లగ తీయవచ్చును. లోహపు సూదిని వాడరాదు.

రెండు ఫోనులలోను వినబడనిచో, పాట నడచుచుండగా తీగెను ప్లగ్గు వద్ద మెల్లగ వంచుడు. వంచినపుడు ధ్వని వచ్చి పోవుచున్నచో లోపము అచ్చటనే యున్నది. ప్లగ్గు వద్ద మార్పులేక, చెవి భాగము వద్ద వంచినపుడు వచ్చి పోవుచున్నచో లోపము అచ్చట నున్నది.

మూడవ లక్షణము విచిత్రమైనది. పాటలో వాద్యములు పలుచగ వినబడును గాని, పాడువారి గొంతు మాయమగును. ఇది ఉమ్మడి తీగె తెగిన గుర్తు. ఉమ్మడి తీగె లేనిచో రెండు చుట్టలును శ్రేణిలో కలిసి, ఎడమ తీగెకు కుడి తీగెకు నడుమ నిలుచును. అప్పుడు వానిలో ప్రవహించునది ఎడమ కుడి సంకేతముల తేడా మాత్రమే. పాడువారి గొంతును సాధారణముగా రెండు వైపులకును సమానముగ ముద్రింతురు. సమానమైన వాని తేడా సున్న. కనుక గొంతు వినబడదు. ఒకే సంకేతమును రెండు వైపులకు పంపు పాత పాటలైనచో దాదాపు అంతయు నిశ్శబ్దమగును. తరగతిలో తీసివేత ఫలితమును చెవితో వినిపించుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకుట అరుదు.

మాటు అనగా నేమి?

చిల్లు పడిన బిందెలకు, బొక్కెనలకు మాట్లు వేయువారు ఒకప్పుడు ఊరూర తిరిగెడివారు. వారు చేసినదియు, మనము ఇప్పుడు చేయబోవునదియు ఒకటే పని. రెండు లోహములను కరిగింపకుండ, వానికన్న తక్కువ వేడికి కరగు మరియొక లోహముతో వానిని కలుపుట. రాగి కరగుటకు 1,085 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. తగరము 232 డిగ్రీలకు, సీసము 327 డిగ్రీలకు కరగును. కాని తగరము 63 పాళ్లు, సీసము 37 పాళ్లు కలిపిన మిశ్రమము 183 డిగ్రీలకే కరగును. రెండు లోహములకన్నను వాని మిశ్రమము తక్కువ వేడికి కరగుట గమనింపదగినది. సీసము లేని మాటు లోహములు కూడ నేడు దొరకును. వానిలో తగరమే అధికము. అవి 217 నుండి 227 డిగ్రీల నడుమ కరగును.

కరగిన తగరము రాగిపైన జిగురువలె అంటుకొనుట కాదు. కలియుచోట తగరము, రాగి కలిసి ఒక సన్నని క్రొత్త పొర ఏర్పడును. ఆ పొరయే బలము. అయితే రాగిపైన ఆక్సైడు మురికి యున్నచో తగరము దానిని తాకలేదు. తామరాకుపై నీటిబొట్టువలె ముద్దగట్టి జారిపోవును. అందుచేత మురికిని తొలగించు ద్రవ్యము కావలెను. బంగారు పనివారు వెలిగారమును, కళాయి వేయువారు నవాసాగరమును వాడుట ఇందుకే. నవాసాగరము వేడికి అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడు వాయువులుగ విడిపోవును. రెండవది రాగిపైని ఆక్సైడును కరగించును. కాని దాని శేషము సన్నని రాగిపోగులను రానురాను తినివేయును. కనుక విద్యుత్ పనులకు నవాసాగరము పనికిరాదు. దేవదారు జాతి చెట్ల బంకనుండి వచ్చు రోజిన్ ఇందుకు తగినది. అంగడిలో దొరకు మాటు తీగె నడుమ రోజిన్ నింపియే యుండును.

పనిముట్లు, పనిచేయు చోటు

కావలసిన వస్తువులు ఇవి: 25 వాట్ల సోల్డరింగ్ ఐరను, రోజిన్ నింపిన సన్నని మాటు తీగె, పాతదానిలో నున్నన్ని భాగములే యున్న క్రొత్త ప్లగ్గు, చిన్న కత్తెర, బ్లేడు, నున్నని ఉప్పుకాగితము, తడిపిన స్పాంజి ముక్క, వీలైనచో ఒక మల్టీమీటరు. ఇంటిలో లేనిచో ఇవి పాఠశాల ప్రయోగశాలలో దొరకవచ్చును.

సోల్డరింగ్ ఐరను మొన 300 డిగ్రీలకు మించి వేడెక్కును. చాపపైన గాని, పరుపుపైన గాని పని చేయరాదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతముల ఇండ్లలో నేలకు పరచు నాపరాతి బండ ఇందుకు మంచి పీట. అది కాలదు, కమరదు. అయితే అతుకవలసిన తీగెను మాత్రము బండను తాకించి ఉంచరాదు. రాయి కొయ్యకన్న పెక్కు రెట్లు వేగముగ వేడిని లాగుకొనును. మాటు సరిగ కరగదు. బండపై ఒక చిన్న కొయ్యముక్క నుంచి, దానిపై తీగెను పెట్టుట మంచిది.

మరియొక హెచ్చరిక. పులివెందుల ప్రాంతములో రాతినార గనులుండెడివి. రాతినార నిప్పుకు కాలదు. కనుక వేడి వస్తువుల క్రింద రాతినార అట్టలను పరచుట ఒకప్పుడు అలవాటు. దాని సన్నని పోగులు ఊపిరితో లోనికి పోయినచో ఊపిరితిత్తుల వ్యాధులు, కాన్సరు కలుగునని తరువాత రుజువైనది. పాత అట్టగాని, విరిగిన రాతినార రేకుగాని ఇంటిలో నున్నచో దానిని ఈ పనికి వాడరాదు, కోయరాదు, గీకరాదు.

కిటికీ తెరచి పని చేయవలెను. రోజిన్ పొగ కన్నులకు, గొంతునకు మంచిది కాదు. సీసము కలిసిన మాటును ముట్టిన చేతులను సబ్బుతో కడుగుకొనకుండ ఏదియు తినరాదు. మాటు తీగెను పండ్లతో పట్టుకొనరాదు. ఐరను వేడిగనున్నంత సేపు చిన్నపిల్లలను దగ్గరకు రానీయరాదు. విద్యార్థులు పెద్దలు దగ్గరనుండగనే ఈ పని చేయవలెను.

తీగెను సిద్ధము చేయుట

చెడిన చోటునకు పైన రెండు మూడు సెంటీమీటర్లు వదలి తీగెను కత్తిరింపుడు. చెడిన చోటుకు మరీ దగ్గరగ కత్తిరించినచో బిరుసెక్కిన పోగులే మిగులును. తరువాత క్రొత్త ప్లగ్గు మరను విప్పి, దాని వెనుక తొడుగును ముందుగనే తీగెకు ఎక్కింపుడు. మాటు వేసిన పిదప అది ఎక్కదు. అంతయు ఊడదీసి మొదటికి రావలసి యుండును.

ఇక పై రబ్బరును ఒకటిన్నర సెంటీమీటరు మేర బ్లేడుతో మెల్లగ గీసి లాగుడు. లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలము, రాగి రంగులలో వెండ్రుకలవంటి పోగుల కట్టలు కనబడును. దారపు పోగులను కత్తిరించివేయవచ్చును.

మొదటిసారి చేయువారిలో పెక్కుమంది ఇచ్చటనే ఓడుదురు. ఆ రంగు రాగికి వేసిన అందము కాదు. అది విద్యుద్బంధకమైన వార్నీషు పూత. రాగి రంగులో కనబడు కట్టకు కూడ రంగులేని పూత యుండవచ్చును. పూతను తీయకుండ మాటు వేసినచో పైకి అతికినట్లే కనబడును గాని విద్యుత్తు పారదు. పోగులను మెలిపెట్టి, కొనను ఐదారు మిల్లీమీటర్ల మేర ఉప్పుకాగితపు మడతలో ఉంచి మెల్లగ లాగినచో పూత పోవును. లేదా ఐరను మొనపై కరగిన మాటు బొట్టును నిలిపి, అందులో కొనను కొన్ని సెకనులు ముంచినచో పూత కమరి, రాగిపై తగరము తెల్లగ పాకును. అంతట తగరము మెరసినచో కొన సిద్ధమైనట్లు.

ఏ తీగె ఎవరిది?

సాధారణముగా ఆకుపచ్చ లేక నీలము ఎడమ చెవికి, ఎరుపు కుడి చెవికి, రాగి రంగు ఉమ్మడికి వాడుదురు. కాని ఇది అందరు పాటించు నియమము కాదు. రంగును నమ్ముకొనుటకన్న కొలిచి చూచుట మేలు.

మూడు తీగెలకు అ, ఆ, ఇ అని పేర్లు పెట్టుదము. మల్టీమీటరుతో రెండేసి తీగెల నడుమ నిరోధమును కొలువుడు. అ, ఇ నడుమ 32 ఓములు, ఆ, ఇ నడుమ 32 ఓములు, అ, ఆ నడుమ 64 ఓములు వచ్చినవనుకొనుడు. 64 వచ్చిన జతలో రెండు చుట్టలు శ్రేణిలో నున్నవి. కనుక ఆ జతలో లేని ఇ తీగెయే ఉమ్మడి. తీగె నిరోధము కూడ కలియుట వలన అంకెలు ఒకటి రెండు ఓములు హెచ్చుగ రావచ్చును.

మల్టీమీటరు లేనిచో 1.5 వోల్టుల బ్యాటరీ, 1,000 ఓముల నిరోధకము చాలును. రెండింటిని శ్రేణిలో కలిపి, రెండు తీగెలకు క్షణకాలము తాకింపుడు. చెవి భాగములో టిక్కుమని ధ్వని వచ్చును. ఒక చెవిలో మాత్రమే వచ్చినచో ఆ రెండింటిలో ఒకటి ఉమ్మడి. రెండు చెవులలోను వచ్చినచో తాకినవి ఎడమ, కుడి తీగెలు, మిగిలినదే ఉమ్మడి. ఉమ్మడి తెలిసిన పిదప ఏది ఎడమదో, ఏది కుడిదో చెవియే చెప్పును. నిరోధకము ఎందుకు? అది లేనిచో 1.5ను 32తో భాగింపగా దాదాపు 47 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము, 70 మిల్లీ వాట్ల సామర్థ్యము చుట్టలో చేరును. పాట వినుటకు ఒక మిల్లీ వాటు కూడ అక్కరలేదు. నిరోధకముండగా ప్రవాహము ఒకటిన్నర మిల్లీ ఆంపియరుకు లోబడి యుండును. ఏమైనను ఈ పరీక్ష చేయునపుడు హెడ్‌ఫోనును చెవికి జానెడు దూరముననే ఉంచవలెను.

మైక్రోఫోనున్న తీగెలో నాలుగవ కట్ట యుండును. ఎడమ, కుడి, ఉమ్మడి తెలిసిన పిదప మిగిలినదే అది. ఉమ్మడికి, దీనికి నడుమ మీటరు పెట్టి హెడ్‌ఫోను బొత్తమును నొక్కినచో నిరోధము దాదాపు సున్నకు పడును. దానితో ధ్రువపడును.

మాటు వేయుట, పరీక్షించుట

ప్లగ్గు వెనుక భాగమున చిన్న లోహపు నాలుకలు కనబడును. తీగెను బిగించు రెండు కొమ్ములున్న పొడవైన నాలుక తొడుగుది. మిగిలినవి కొనకు, ఉంగరములకు చెందినవి. ఏది దేనిదో మీటరుతో చూచుకొనుట మంచిది. ముందుగ ప్రతి నాలుకపైన కొద్దిగ మాటు పూయుడు. తరువాత తగరము పూసిన తీగెకొనను నాలుకపై నుంచి, ఐరను మొనతో రెండింటిని ఒకసారి తాకింపుడు. రెండు మూడు సెకనులు చాలును. అంతకు మించినచో ప్లగ్గులోని బంధకపు వలయములు మెత్తబడి, భాగములు ఒకదానినొకటి తాకును. ప్లగ్గును పటకారుతో పట్టుకొనినచో అధికమగు వేడిని అది లాగుకొనును. మాటు గడ్డకట్టు వరకు తీగెను కదలింపరాదు. కదలినచో అతుకు మెరుపులేక గరుకుగ నుండి, కొద్దినాళ్లకే ఊడును.

ఫోనుకు పెట్టుటకు ముందుగనే కొలిచి చూడవలెను. కొనకు ఉమ్మడికి నడుమ 32, ఉంగరమునకు ఉమ్మడికి నడుమ 32, కొనకు ఉంగరమునకు నడుమ 64 ఓములు రావలెను. చుట్ట 16 ఓములదైనచో అంకెలు సగమగును. ఎచ్చటనైన సున్న వచ్చినచో రెండు భాగములు తాకుచున్నవి. మీటరు అనంతమును చూపినచో అతుకు అంటలేదు. అంతయు సరిగనున్నచో కొమ్ములను తీగె పై రబ్బరుపైన నొక్కి బిగించుడు. లాగుడు రబ్బరుపైన పడవలెను గాని అతుకులపైన పడరాదు. కొమ్ములు మరీ గట్టిగ నొక్కినచో రబ్బరు తెగి లోపలి తీగెలు కలియును. చివరకు వెనుక తొడుగును మరబిగింపవలెను.

విరిగిన కొన ఫోనులో చిక్కినచో

ఒక్కొక్కప్పుడు తీగె కాక, ప్లగ్గు కొనయే విరిగి ఫోను రంధ్రములో నిలిచిపోవును. అప్పుడు ఫోను హెడ్‌ఫోను ఇంకను ఉన్నదనుకొని, తన స్పీకరులో ధ్వనిని ఆపివేయును. ఫోనును ఆపివేసి, రంధ్రమును క్రిందికి త్రిప్పి మెల్లగ తట్టి చూడవచ్చును. లోపలి వ్యాసము సరిపడు ఖాళీ బాలుపెన్ను రీఫిల్లు గొట్టమును విరిగిన ముక్కపైకి నొక్కి, బయటికి లాగి చూడవచ్చును. అంతకు మించిన ప్రయత్నము ఇంటిలో చేయరాదు. సూదులు, జిగురులు రంధ్రములోని స్ప్రింగు పట్టులను పాడుచేయును. పోయినది పది రూపాయల ప్లగ్గు కాగా, వేల రూపాయల ఫోనును పోగొట్టుకొనుట వివేకము కాదు. సెల్‌ఫోను మరమ్మతు అంగడికి తీసికొని పోవుటయే మేలు.

ఇంటిలో చేయరానివి

తీగెలేని హెడ్‌ఫోనులలో లిథియము బ్యాటరీ యుండును. దానిని పొడిచినను, వేడి తగిలించినను మంటలు లేవవచ్చును. దానిని విప్పరాదు. టైప్-సి ప్లగ్గులున్న హెడ్‌ఫోనులలో పెక్కింటిలో ప్లగ్గు లోపలనే ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరముండి, అంకెలను ధ్వని సంకేతములుగ మార్చును. ఉత్త తీగెలను కలిపినంత మాత్రమున అది బాగుపడదు. గోడకు తగిలించి యున్న ఏ పరికరము తీగెనైనను విద్యుత్తుతో నున్నపుడు ముట్టరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

బాగుచేసిన హెడ్‌ఫోనును మొదట తక్కువ ధ్వనితో విని, క్రమముగ పెంచవలెను. పెద్దలైనచో వారమునకు 40 గంటలపాటు 80 డెసిబెలుల వరకు, పిల్లలైనచో 75 డెసిబెలుల వరకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. తెగిన తీగెకు మాటు వేయగలము గాని, చెవి లోపల చెడిన నాడీకణములకు మాటు లేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. తరగతిలోని పిల్లలను పాత హెడ్‌ఫోనులను తెమ్మన్నచో ఒక్క వారములో బుట్టెడు పోగగును. రంగులు కనబడకుండ కొనలను తగరముతో కప్పి, మూడు తీగెలలో ఉమ్మడి ఏదో కొలిచి చెప్పుమని అడుగవచ్చును. శ్రేణి నిరోధముల పాఠము దానితో పూర్తియగును. బాగుపడినవానిని పాఠశాలలోనే ఉంచి, లేని పిల్లలకు ఇయ్యవచ్చును. బాగుపడనివానిలోని అయస్కాంతములు భౌతికశాస్త్ర ప్రయోగములకు, తీగెలు మాటు వేయుట నేర్చుకొనుటకు ఉపయోగపడును. మిగిలిన తుక్కును కాల్చరాదు. రబ్బరు పొగ విషము. దానిని ఎలక్ట్రానిక్ వ్యర్థములు తీసికొనువారికి అప్పగింపవలెను.